అంతస్తులు లేచే ముందు అక్కచెల్లెళ్ళ వాటా తేలాలి

ఓడ మీద విశాఖ రేవుకు వచ్చేవారికి ముందుగా కంటబడేవి మూడు కొండలు. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, మరొకదాని మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా ఔలియా దర్గా. రేవులోకి వచ్చే ఓడలూ, వెళ్ళే ఓడలూ దర్గాకు మర్యాదగా జెండాను మూడుసార్లు ఎత్తి దించే ఆనవాయితీ ఉండేదని వందేళ్ళ కిందటి జిల్లా గెజిటీరులో నమోదై ఉంది. ఈ కొండల పాదాల చెంత ఒదిగిన కోట వీధి, చెంగల్రావుపేట, సోల్జర్‌పేట, కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, ఇదే అసలు విశాఖపట్నం. నేడు మనం వన్‌టౌన్ అంటున్నాం.

ఊరు పెరిగింది. కాని వన్‌టౌన్‌ను వెనక వదిలేసి పెరిగింది. 1933లో రేవు ప్రారంభమైంది. 1941లో ఓడల నిర్మాణ కేంద్రానికి పునాదిరాయి పడింది. 1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. పని దొరికింది, జనం వచ్చారు. రేవుతో పాటు బొగ్గు పొడి, ముడి ఇనుము ధూళి కూడా వచ్చి ఆరేసిన బట్టల మీదా, కిటికీ రెక్కల మీదా పేరుకున్నాయి. స్తోమత గలవారు ద్వారకానగర్‌కు, ఎంవీపీ కాలనీకి, ఆ తరువాత మధురవాడకు తరలిపోయారు. మిగిలినవారు రెండు రకాలు. రేవునూ మార్కెట్‌నూ నమ్ముకుని బతికేవారు ఒకరు. తాతల నాటి ఇల్లు వాటాలు తెగక, అమ్మనూ లేక బాగుచేయించనూ లేక ఉండిపోయినవారు మరొకరు. మన కుటుంబాలు ఈ రెండు రకాలలోనూ ఉన్నాయి.

ఇప్పుడు గాలి మళ్ళింది. 2019 డిసెంబరులో విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా చేస్తామన్న ప్రకటన వెలువడగానే స్థలాల ధరలకు రెక్కలొచ్చాయి. ఆ మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కు తీసుకున్నారు, 2024లో ప్రభుత్వం మారి అమరావతే రాజధాని అయింది. అయినా పెరిగిన ధర దిగలేదు. బీచ్ రోడ్డులో హార్బర్ పార్కు దగ్గరి పదమూడెకరాల పైచిలుకు స్థలం లులు సంస్థకు 2018లో ఇవ్వడం, 2019లో రద్దు చేయడం, 2025లో మళ్ళీ కేటాయించడం మనం చూశాం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన మెట్రో మొదటి దశ ప్రణాళికలో మొత్తం పొడవు సుమారు 46 కిలోమీటర్లు. అందులో ఒక దారి గురుద్వారా కూడలి నుండి పాత పోస్టాఫీసు వరకు, దాదాపు 5 కిలోమీటర్లు. జగదాంబ నుండి పాత పోస్టాఫీసు దాకా రోడ్డు వెడల్పు చేయాలన్న మాట ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది. అంటే, ఎవరూ తలుపు తట్టని వీధిలో ఇక మధ్యవర్తులు తలుపు తడతారు. ఆ తలుపు తీసేది ఎవరు, సంతకం పెట్టేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. బహుళ అంతస్తుల భవనాలు మంచివా చెడ్డవా అన్న చర్చ ఆ తరువాతి మాట.

ఆకాశహర్మ్యం మన గల్లీకి రాదు

ముందుగా ఒక భ్రమ తొలగించుకుందాం. "మీ ఇంటి స్థానంలో పదిహేను అంతస్తులు లేస్తాయి" అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. రాష్ట్ర భవన నిర్మాణ నియమాలలో 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న కట్టడాన్ని హైరైజ్ అన్నారు. 2012, 2017 సంవత్సరాల నియమాలు అటువంటి దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం ఉండాలన్నాయి. మన గజాల లెక్కలో ఇది ఇంచుమించు 2,400. ఎదురుగా కనీసం 12 మీటర్ల రోడ్డు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా పెరుగుతూ పోతాయి. తరువాత సవరణలు వస్తూనే ఉన్నాయి గనుక ఏ రోజు లెక్క ఆ రోజు కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగంలోనే అడగాలి. అగ్నిమాపక శాఖ అనుమతి వేరు. నౌకాదళపు విమాన క్షేత్రం ఐఎన్ఎస్ డేగా ఊరిని ఆనుకునే ఉంది గనుక ఎత్తు విషయంలో ఆ అనుమతి కూడా చూసుకోవాలి.

వన్‌టౌన్‌లో ఒక్కో ఇల్లు నూరు గజాలో, నూటయాభై గజాలో ఉంటుంది. పదిహేను, ఇరవై ఇళ్ళు కలిస్తే గాని ఒక ఆకాశహర్మ్యానికి చోటు చాలదు. అన్ని కుటుంబాలు ఒక్క మాట మీద ఉండాలి. కనుక పెద్ద రోడ్డు మీది పాత సినిమా హాళ్ళు, గోదాములు, ప్రభుత్వ స్థలాలే ఆకాశహర్మ్యాలవుతాయి. మన గల్లీలోకి వచ్చేది కింద వాహనాలు నిలుపుకునే స్టిల్టు, పైన మూడు నాలుగు అంతస్తులు ఉండే చిన్న అపార్టుమెంటు. మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది కూడా ఇక్కడే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ నిర్మాణాన్ని నమోదు చేయించవలసిన పని లేదు. పెద్ద టవరులో ఫ్లాటు కొనే ఉద్యోగికి ఆ చట్టం అండగా ఉంటుంది. తాత ఇచ్చిన ఇల్లు బిల్డరు చేతిలో పెట్టే వితంతువుకు ఎనిమిది ఫ్లాట్ల దగ్గర ఆ నమోదు రక్షణ దొరకదు.

నాలుగు ఫ్లాట్లు, ఆరుగురు వారసులు

ఒక లెక్క చూద్దాం. 400 గజాల పాత ఇల్లు. యజమాని చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయతు ఉంటే మూడో వంతుకు మించకుండా అది, ఇవన్నీ తీరిన తరువాత వరాసత్. చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. వాటాల కంటే ముందు తీరవలసిన అప్పు. నిసా సూరాలో వాటాలు లెక్కగట్టి నిర్ణయించబడి ఉన్నాయి. సంతానం ఉన్న భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. అంటే తల్లికి 50 గజాలు, కొడుకులకు నూరేసి గజాలు, కూతుళ్ళకు యాభయ్యేసి గజాలు. మొత్తం 400 సరిపోయింది.

ఇప్పుడు బిల్డరు వచ్చాడు. ఎనిమిది ఫ్లాట్లు కడతాడు, సగం తనవి, సగం మీవి. మీకు వచ్చేవి నాలుగు. షరీఅత్ లెక్క ప్రకారం కొడుకులకు చెరొకటి. మిగిలిన రెండూ తల్లికీ ముగ్గురు కూతుళ్ళకూ, మనిషికి అర ఫ్లాటు చొప్పున. జరిగేది ఏమిటి? కొడుకులు చెరొకటి తీసుకుంటారు. మూడోది అమ్మ పేరున రాయించి, పెద్దవాడు అద్దెకు ఇచ్చుకుంటాడు. నాలుగోది అమ్మి, కూతుళ్ళ పెళ్ళిళ్ళకు ఎప్పుడో చేసిన అప్పు తీర్చామంటారు. కూతుళ్ళ చేత మాత్రం సంతకాలు చేయిస్తారు. "ఆపా, నీకు తెలియనిదేముంది, కాస్త సంతకం పెట్టు." "నాకెందుకు భాయ్ వాటా, పండుగకు వచ్చేందుకు పుట్టింటి గడప ఉంటే చాలు."

ఆ గడప కోసమే కదా ఆమె తన యాభై గజాలు వదులుకుంటున్నది! డెవలప్‌మెంటు అగ్రిమెంటు మీద సంతకం పడిన మరునాడు ఆ గడప ఉండదు. దాని స్థానంలో స్టిల్టు పార్కింగు ఉంటుంది. పాత ఇంట్లో ఆమెకు ఒక గది, ఒక మంచం, తల్లి పక్కన ఒక చోటు ఉండేవి. కొత్త ఫ్లాటులో అది అన్న ఇల్లు, వదిన ఇల్లు. ఇన్నేళ్ళూ తెగని వాటాలే ఆమెను ఆ ఇంటికి కట్టి ఉంచాయి. ఇల్లు పడగొట్టే రోజే ఆమె హక్కు తేలవలసిన రోజు. అదే రోజున మనం ఆమెను మాఫ్ చేయమని అడుగుతున్నాం.

చేతికి రాని ఆస్తిని మొహమాటంతో "మాఫ్" అన్నంత మాత్రాన హక్కు పోదని హనఫీ ఫుఖహా స్పష్టం చేశారు. ఏదో ఒకటి పుచ్చుకుని, ఇష్టపూర్వకంగా వాటా నుండి తప్పుకోవడానికి "తఖారుజ్" అనే పద్ధతి ఉంది. కోర్టు దృష్టిలోనూ స్థిరాస్తిలో వాటా వదులుకోవాలంటే రిజిస్టరైన విడుదల దస్తావేజు కావాలి. తెలుగువారు రోజూ వాడే "హక్కు" అన్న మాట అరబ్బీ "హఖ్" నుండి వచ్చినదే. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతటా మారుమోగిన నినాదంలో ఉన్నదీ ఆ మాటే. ఊరంతా ఆ మాటతో ఉక్కు సాధించుకోగా, ఇంట్లో ఆడపిల్ల మాత్రం ఆ మాట ఎత్తితే అత్యాశ అనిపించుకుంటోంది.

ఇంకొక చిక్కు హిబా. "మా నాన్న ఈ ఇల్లు నాకు హిబా చేశాడు" అని ఒక కొడుకు అంటాడు, కాగితం రిజిస్టరు కాలేదు. దానం ప్రకటించడం, పుచ్చుకున్నవాడు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ నిజంగా జరిగి ఉంటే ముస్లిం చేసిన హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011 మేలో తీర్పు ఇచ్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్ళిన కేసే. వివాదంలోని హిబానామా 1968 నాటిది. నలభై మూడేళ్ళు! ఆ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా హిబా నిలవదు గనుక, నోటిమాట హిబాను నమ్ముకుని బిల్డరుకు ఇల్లు అప్పగించేవారు ఈ నలభై మూడేళ్ళను గుర్తుంచుకోవాలి.

వారసులలో యతీములు, అంటే తండ్రి లేని మైనరు పిల్లలు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మన దేశంలో అమలులో ఉన్న ముస్లిం లా ప్రకారం తల్లి పిల్లలను పెంచుకోవచ్చు గాని వారి స్థిరాస్తికి చట్టరీత్యా సంరక్షకురాలు కాదు. బాబాయి కూడా కాడు. జిల్లా కోర్టు అనుమతి లేకుండా మైనరు వాటాను అమ్మినా, బిల్డరుకు రాసిచ్చినా అది చెల్లదు. ఆ పిల్లవాడు పెద్దవాడై కోర్టుకెక్కితే అప్పటికి ఫ్లాటు కొనుక్కున్న నాలుగు కుటుంబాలు కూడా రోడ్డున పడతాయి.

కూతురు జిద్దాలోనో, దుబాయిలోనో ఉందని ఆమె పేరు వదిలేసేవారున్నారు. అవసరం లేదు. అక్కడి భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపిస్తే చాలు. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ పవరు ఆమె తమ్ముడికే ఇవ్వాలనీ లేదు.

ఒప్పందంలో చూడవలసినవి చాలా ఉన్నాయి గాని రెండు మాటలతో సరిపెడతాను. ఏ ఫ్లాటు ఎవరిదో, ఏ అంతస్తులో ఎటువైపుదో, దానికి ఎన్ని గజాల విడదీయని భూమి వాటా వస్తుందో పేరు పేరునా అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. యాభై ఏళ్ళకు గోడలు బీటలు వారినప్పుడు మిగిలేది ఆ గజాలే. రెండవది, కట్టడం పూర్తయ్యేదాకా అద్దె ఎవరు కడతారన్నదీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెటు తేవలసిన గడువూ అందులో ఉండాలి.

రోడ్డుకు పోయే అరుగు

మెట్రో వచ్చినా, రోడ్డు వెడల్పు చేసినా కొందరి ఇళ్ళ ముందరి భాగం పోతుంది. భూసేకరణ చట్టం కింద తీసుకుంటే నగదు పరిహారం ఉంటుంది. హైదరాబాదు పాతబస్తీ మెట్రో కోసం 2025 జనవరిలో చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున తొలి చెక్కులు ఇచ్చారు. వారసుల మధ్య తగవుంటే మాత్రం సొమ్ము చేతికి రాదు. చట్టం ఏర్పరచిన అథారిటీ దగ్గర జమ అయి ఉంటుంది.

రోడ్డు వెడల్పు పనులలో కార్పొరేషన్లు ఎక్కువగా నగదు బదులు టీడీఆర్ బాండ్లు ఇస్తుంటాయి. పోయిన స్థలానికి బదులుగా మరొకచోట అదనంగా కట్టుకునే హక్కు అన్నమాట. చిన్న ఇంటివాడికి మరొకచోట స్థలం ఎక్కడిది? అతడు ఆ బాండును బిల్డరుకు అమ్ముకుంటాడు. వన్‌టౌన్‌లో పోయిన అరుగు మధురవాడలో అదనపు అంతస్తుగా లేస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, బేరం తెలిసి చేస్తే. ఆ బాండు కూడా వరాసత్ ఆస్తే, దాని మీద కూడా అందరి పేర్లూ ఉండాలి. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆర్-కార్డులు పట్టుకుని ఉద్యోగాల కోసం తిరిగిన నిర్వాసితుల గాథ నేటికీ ముగియలేదు. జాబితాలో పేరు లేనివాడి గతి ఏమవుతుందో ఈ జిల్లా ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు.

మసీదు దుకాణాలు, వక్ఫ్ స్థలాలు అటువంటి దారిలో ఉంటే ముతవల్లీ ఒక్కడే నిర్ణయం తీసుకోజాలడు. 2013 సవరణ నుండి వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు చెల్లవు.

కిరాయిదారుడి సంగతి

వన్‌టౌన్‌లోని మనవారిలో ఎందరో ఇంటి యజమానులు కారు. దర్జీ, పరుపులు కుట్టేవాడు, మోటారు మెకానిక్, రేవులో కూలి, వీరంతా కిరాయి ఇళ్ళవారు. ఇల్లు బిల్డరుకు వెళితే యజమానికి ఫ్లాటు, కిరాయిదారుడికి నెల రోజుల నోటీసు. అతడు పోయి ఊరి చివర ఉంటే పని దూరం, పిల్లల బడి దూరం, వైద్యానికి కేజీహెచ్ దూరం.

మరో పద్ధతి లేదా? ముంబయి భేండీ బజారులో ఉంది. అక్కడ సుమారు పదహారున్నర ఎకరాలలో 250 వరకు శిథిల భవనాలు, మూడు వేలకు పైగా కుటుంబాలు, వెయ్యికి పైగా దుకాణాలు ఉండేవి. దావూదీ బోహ్రా సమాజ గురువు చొరవతో 2009లో ఒక ట్రస్టు ఏర్పడి, అందరినీ తాత్కాలిక నివాసాలకు తరలించి, టవర్లు కట్టి, పాత కిరాయిదారులకే సొంత హక్కుతో కనీసం 350 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చే పథకం చేపట్టింది. మొదటి టవర్లు 2020లో సిద్ధమయ్యాయి. ఖర్చు మిగతా భాగం అమ్మకం ద్వారా రాబట్టుకుంటారు. పని ఆలస్యమైంది, విమర్శలూ ఉన్నాయి. ఆలస్యానికి మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది: 2017 ఆగస్టు 31న ఆ పేటలోనే ఒక పాత భవనం కూలి ముప్పై మందికి పైగా మరణించారు. ముంబయి కిరాయి చట్టం వేరు, మన చట్టం వేరు. ఆ పథకం యథాతథంగా ఇక్కడ సాధ్యపడదు. కాని వీధివారంతా ఒకటై బిల్డరుతో మాట్లాడితే ముప్పై ఏళ్ళుగా ఉన్న కిరాయిదారుడికి ఆరు నెలల గడువూ, తరలింపు ఖర్చూ, కింది అంతస్తులో అతడి దుకాణానికి మొదటి అవకాశమూ ఒప్పందంలో రాయించడం అసాధ్యమేమీ కాదు. ఏ చట్టమూ దీన్ని అడ్డుకోదు.

పొరుగువాడి గోడ

2023 మార్చి 23 తెల్లవారుజామున కలెక్టరేటు సమీపంలోని రామజోగిపేటలో మూడంతస్తుల ఇల్లు కూలి ముగ్గురు చనిపోయారు. మృతులలో అన్నాచెల్లెళ్ళున్నారు. పక్క స్థలంలో కొత్త కట్టడం కోసం జరిగిన తవ్వకమే కారణమని ఆనాడు వార్తలు వచ్చాయి. పాత ఇళ్ళు ఒకదాని గోడ మీద ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఒకటి తీస్తే రెండోదానికి ఊతం పోతుంది. మీ ఇల్లు ఎవరికీ ఇవ్వకపోయినా, పక్కింటివారు ఇస్తే తవ్వకం మీ పునాది పక్కనే. ఇటువంటప్పుడు మొహమాటపడకుండా ప్లాను చూపించమని అడగాలి, గోడల ఫొటోలు తేదీతో తీసిపెట్టుకోవాలి, పగులు కనిపిస్తే కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు పుచ్చుకోవాలి. మనమే కట్టించేవారమైతే పొరుగువారి గోడకు ఊతం ఏర్పాటు చేసే బాధ్యత మనది. పొరుగువాడి హక్కు గురించి జుమా ఖుత్బాలలో మనం విన్నదంతా పునాది తవ్వే వారం రోజులలో పరీక్షకు వస్తుంది.

పైకి వెళ్ళి ఉండేవారికి

ఎత్తయిన ఇళ్ళలో లాభాలు లేవని కాదు. గాలి వస్తుంది, నీళ్ళు ఎక్కుతాయి, దొంగల భయం తగ్గుతుంది. నెలనెలా నిర్వహణ ఖర్చు మాత్రం పింఛను మీద బతికే తల్లికి కొత్త భారం. అది ఎవరు కడతారో అన్నదమ్ములు ముందే తేల్చుకోవడం మంచిది. రోజుకు ఐదుసార్లు మసీదుకు నడిచి వెళ్ళే అలవాటున్న వృద్ధుడు కరెంటు పోయినప్పుడు నాలుగో అంతస్తులోనే నిలిచిపోతాడు. లిఫ్టుకు జనరేటరు ఉందా లేదా అన్నది అతడికి పెద్ద సంగతి.

మరొక విషయం బిల్డరులు చెప్పరు, మనవారు అశుభమని అడగరు. చిన్న అపార్టుమెంట్లలో లిఫ్టు నలుగురు మనుషులకు సరిపోతుంది, స్ట్రెచరు పట్టదు. మెట్లు మలుపు తిరిగే చోట ఇరుకు. జబ్బుమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించుతున్నారు, జనాజాను నిలువుగా వంచి దించుతున్నారు. ప్లాను మీద సంతకం పెట్టే ముందు లిఫ్టు లోపలి పొడవు ఎంతో, మెట్ల మలుపు వెడల్పు ఎంతో అడిగి, టేపు పెట్టి కొలిచినట్టు అంకెలతో రాయించుకోండి. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడు ఆ మార్పుకు ఖర్చు తక్కువే.